నల్లరేగడి మట్టిని ల్యాబులో పరీక్షించడం: చేనులో గుంత తవ్వడం నుంచి రిపోర్టు దాకా

ఏప్రిల్‌లో నంద్యాల వైపు చేలల్లో నడిస్తే నెర్రెల్లోకి అరచేయి నిలువునా దూరిపోతుంది. వానలు పడ్డాక అదే చేలో అడుగు వేస్తే చెప్పు బురదలోనే ఉండిపోయి కాలొక్కటే బయటికొస్తుంది. రెండూ ఒకటే మట్టి, మధ్యలో మారింది నీళ్లే. ఇంగ్లీషు పుస్తకాల్లో దీన్ని ‘రేగర్’ అంటారు. ఆ మాట మన రేగడి నుంచి వెళ్లిందే.

ఈ మట్టి పరీక్షలు మామూలు మట్టి పరీక్షలే. మట్టి పరీక్షల భారతీయ ప్రమాణం ఐఎస్ 2720 భాగాలు తిరగేస్తే అన్నీ దొరుకుతాయి. అయినా ఒకే గుంత మట్టిని రెండు ల్యాబులకు పంపితే రెండు రకాల ఫలితాలు రావడం ఈ మట్టిలో మామూలు. కారణం ఏమిటంటే, నల్లరేగడి ఇచ్చే అంకెలో మట్టి గుణంతో పాటు మనం దాన్ని ఎలా ఆరబెట్టాం, ఎంతసేపు నానబెట్టాం, ఏ నీళ్లు పోశాం అన్నవీ కలిసి ఉంటాయి. అందుకే ప్రతి పరీక్షలోనూ పద్ధతితో పాటు అది ఎక్కడ దారి తప్పుతుందో కూడా చెబుతాను.

మట్టి తెచ్చేటప్పుడు

పైనున్న ఒక అడుగు లోతు మట్టిని వదిలేయండి. అందులో వేర్లు, ఎరువు, చెత్త ఉంటాయి. పైగా ఎండాకాలంలో పై మట్టి పొడిపొడిగా రాలి నెర్రెల్లోకి జారుతుంది. వాన పడ్డాక కింది మట్టి ఉబ్బి పైకి నెట్టుకొస్తుంది. రేగడి తనను తానే దున్నుకుంటుందని రైతులు అనేది దీన్నే. కాబట్టి పునాది కోసమైతే కనీసం మీటరు లోతు నుంచి నమూనా తీయండి. ఆ కింద ఒక్కో మీటరుకు ఒకటి చొప్పున, తేమ కాలాన్ని బట్టి మారని లోతు దాకా వెళ్లండి. మన రేగడి నేలల్లో ఆ లోతు సుమారు 3.5 మీటర్లు ఉంటుందని లెక్క వేస్తారు.

గుంత గోడను కత్తితో చెక్కి చూడండి. మట్టి పెళ్లలు విడిపోయిన చోట నూనె రాసినట్టు మెరిసే ఏటవాలు ముఖాలు కనిపిస్తాయి. ఉబ్బినప్పుడు పెళ్లలు ఒకదాని మీద ఒకటి రాసుకోవడం వల్ల వచ్చిన మెరుపు అది. ఆ గుర్తు కనిపిస్తే ల్యాబుకు వెళ్లకముందే సగం జవాబు దొరికినట్టే. తెల్లటి సున్నపు గుల్లలు ఎంత లోతు నుంచి మొదలయ్యాయో కూడా రాసుకోండి.

చెదరని నమూనా గొట్టాల్లో తీస్తుంటే రెండు చివరలా మైనం పోసి వెంటనే మూసేయండి. ఎండలో పెట్టిన గొట్టంలో మట్టి గోడ నుంచి విడిపోయి లోపల గలగలలాడుతుంది. అలాంటిదానితో స్వెల్లింగ్ ప్రెజర్ (తడిసిన మట్టి ఉబ్బి నెట్టే పీడనం) పరీక్ష చేసి ప్రయోజనం లేదు. తేమ కోసం ఒక చిన్న డబ్బాను విడిగా నింపండి. తేదీ, లోతు, ముందు వారంలో వాన పడిందా లేదా అన్నవి అన్నీ లేబుల్ మీద ఉండాలి.

ఆరబెట్టడం, దంచడం

తొందరపడి ఓవెన్‌లో పెట్టకండి. లిక్విడ్ లిమిట్ (ముద్ద ద్రవంలా జారడం మొదలయ్యే తేమ), ప్లాస్టిక్ లిమిట్ (ముద్ద మెత్తదనం పోయి విరగడం మొదలయ్యే తేమ), హైడ్రోమీటర్ (రేణువుల పరిమాణం తేల్చేది) పరీక్షలకు మట్టి నీడలో, గాలికి ఆరాలి. 105 డిగ్రీల వేడికి బంకమట్టి రేణువులు కొన్ని గట్టిగా అతుక్కుంటాయి. మళ్లీ నీళ్లు పోసినా అన్నీ విడిపోవు. దాంతో లిక్విడ్ లిమిట్ తగ్గి కనిపించవచ్చు. ట్రేలో పలచగా పరిచి, రోజుకోసారి బెడ్డలు చిదుముతూ ఉంటే ఆరుతుంది. కాకపోతే రెండు మూడు రోజులు పడుతుంది.

ఆరిన బెడ్డలు రాళ్లలా ఉంటాయి. వాటిని చెక్క సుత్తితోగానీ, రబ్బరు తొడిగిన రోకలితోగానీ పొడిచేయండి. ఇనుప సుత్తి వద్దు. బెడ్డతో పాటు సున్నపు గుల్ల కూడా పొడైపోయి జల్లెడ దాటితే బంకమట్టి శాతం తప్పుతుంది. గుల్లలను చేత్తో ఏరి, తూకం వేసి, మొత్తంలో ఎంత శాతమో విడిగా రాయండి. చాలామంది ఈ పని చేయరు. నా దృష్టిలో రిపోర్టులో అతి ఉపయోగపడే అంకెల్లో ఇదొకటి.

మొదటి గంటలో తెలిసేవి

చిటికెడు మట్టి మీద పలుచన హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేయండి. బుస్సుమని పొంగితే కాల్షియం కార్బోనేట్ ఉన్నట్టు. పీహెచ్ చూస్తే మామూలుగా 7.5 నుంచి 8.5 మధ్య ఉంటుంది. 9 వైపు వెళ్తే సోడియం మీద అనుమానం రావాలి. సోడియం ఎక్కువ ఉన్న రేగడి ఇంకా ఎక్కువ ఉబ్బుతుంది, నీళ్లలో తేలిగ్గా చెదిరిపోతుంది.

నలుపు చూసి సేంద్రియ పదార్థం దండిగా ఉందనుకోవద్దు. ఈ నేలల్లో సేంద్రియ కర్బనం చాలాచోట్ల 1 శాతం లోపే. ఉన్న కాస్త హ్యూమస్ బంకమట్టితో గట్టిగా పెనవేసుకుని నల్లగా కనిపిస్తుంది.

తేమ శాతానికి 105–110 డిగ్రీల దగ్గర 24 గంటలు సరిపోతుంది. ఒక్క మినహాయింపు: సూదుల్లా మెరిసే జిప్సం కనిపిస్తే 60–80 డిగ్రీల దగ్గరే ఆరబెట్టండి. లేదంటే జిప్సం స్ఫటికంలోని నీరు కూడా ఆవిరై, అది మట్టి తేమ లెక్కలో కలుస్తుంది. విశిష్ట గురుత్వం 50 మి.లీ. సాంద్రత సీసాతో చేస్తారు. 2.65–2.75 మధ్య రావాలి. 2.5 వస్తే మట్టిని తప్పు పట్టకండి, లోపల గాలి మిగిలింది. వాక్యూమ్ డెసికేటర్‌లో బుడగలు పూర్తిగా ఆగేదాకా ఉంచాలి.

రేణువుల పరిమాణం

75 మైక్రాన్ల జల్లెడ మీద కడిగితే దాదాపు అంతా కిందికి పోతుంది. అసలు పని హైడ్రోమీటర్‌ది. అది మట్టి కలిపిన నీటి సాంద్రతను కొలిచే తేలే గొట్టం. లీటరు నీళ్లలో 33 గ్రాముల సోడియం హెక్సామెటాఫాస్ఫేట్, 7 గ్రాముల సోడియం కార్బోనేట్ కలిపి ద్రావణం చేసుకోండి. 50 గ్రాముల మట్టికి అందులోంచి 100 మి.లీ. పోసి నానబెట్టండి. తర్వాత స్టిర్రర్‌లో 15 నిమిషాలు తిప్పి, లీటరు జాడీలోకి మార్చి, నీళ్లతో గుర్తు దాకా నింపండి.

జాడీని మూసి తలకిందులు చేసి బాగా కలిపి, నిలబెట్టిన క్షణం నుంచి గడియారం చూడండి. అర నిమిషం, 1, 2, 4 నిమిషాల రీడింగులకు హైడ్రోమీటర్‌ను లోపలే ఉంచవచ్చు. ఆ తర్వాత ప్రతిసారీ తీసి, కడిగి, మళ్లీ మెల్లగా దించాలి. 24 గంటల రీడింగ్ దాకా ఆగడం తప్పదు. 20 డిగ్రీల నీళ్లలో 2 మైక్రాన్ల రేణువు 10 సెంటీమీటర్లు దిగడానికి దాదాపు 8 గంటలు పడుతుంది మరి. సాయంత్రం ల్యాబు మూసేముందు ఆఖరి రీడింగ్ తీసుకుంటే మీ గ్రాఫు బంకమట్టికి హద్దైన 2 మైక్రాన్ల గీతను చేరకుండానే ఆగిపోతుంది.

జాడీని ఒక కంట కనిపెట్టి ఉండండి. పది పదిహేను నిమిషాల్లోనే పైన తేట నీరు, కింద మురికి నీరు, మధ్యలో గీత గీసినట్టు హద్దు కనిపిస్తే పరీక్ష పాడైనట్టే. రేణువులు విడివిడిగా దిగట్లేదు, గుత్తులుగా కట్టుకుని దిగుతున్నాయి. మట్టిలోని లవణాలో జిప్సమో దానికి కారణం. మట్టిని డిస్టిల్డ్ వాటర్‌తో రెండు మూడు సార్లు కడిగి లవణాలు పోగొట్టి మొదటి నుంచి చేయండి.

ఆమ్లంతో కార్బోనేట్ తీసేయాలా వద్దా అన్నది మరో ప్రశ్న. తీసేస్తే బంకమట్టి శాతం మారుతుంది. ఇంజనీరింగ్ పనికైతే నేను తీయను. ఆ సున్నం నేలలో ఉండేదే, పునాది కింద కూడా ఉంటుంది. మీరు ఏది చేసినా రిపోర్టులో రాయండి.

లెక్కలు తేలిగ్గా అర్థమవడానికి ఇక్కడి నుంచి ఒక ఊహా నమూనా పట్టుకుందాం. దాని విశిష్ట గురుత్వం 2.70, బంకమట్టి 52 శాతం.

లిక్విడ్ లిమిట్, ప్లాస్టిక్ లిమిట్

425 మైక్రాన్ల జల్లెడ దాటిన మట్టి 120 గ్రాములు తీసుకుని, డిస్టిల్డ్ వాటర్‌తో ముద్ద చేసి, తడి ఆరకుండా మూతపెట్టి 24 గంటలు పక్కన పెట్టండి. రేగడి విషయంలో ఈ 24 గంటలు తప్పించుకోలేరు. నీరు రేణువుల మధ్యకు కాదు, ఒక్కో రేణువులోని పొరల మధ్యకు చేరాలి. కలిపిన వెంటనే చేసిన ముద్దకూ మర్నాటి ముద్దకూ తేడా గరిటెకే తెలుస్తుంది. మొదటిది ఇసుక కలిసినట్టు గరగరలాడుతుంది, రెండోది వెన్నలా జారుతుంది.

మర్నాడు ముద్దను మళ్లీ బాగా కలిపి కాసాగ్రాండే కప్పులో (పిడి తిప్పితే పైకి లేచి పడే గిన్నె) నింపండి. అంతకుముందు కప్పు సరిగ్గా 10 మి.మీ. ఎత్తు నుంచే పడుతోందో లేదో గేజితో చూసుకోండి. ముద్ద మధ్యలో గాడి తీసి, పిడిని సెకనుకు రెండు చుట్ల చొప్పున తిప్పండి. గాడి అడుగు 12 మి.మీ. పొడవున కలిసేసరికి ఎన్ని దెబ్బలు పడ్డాయో లెక్కపెట్టండి. 15–35 దెబ్బల మధ్య కనీసం నాలుగు బిందువులు తీసుకుని, గ్రాఫు మీద 25 దెబ్బల దగ్గరి తేమ చదవండి.

గాడిని ఒకేసారి లాగితే రేగడి ముద్ద కప్పును వదిలి జరిగిపోతుంది. రెండు మూడు సార్లుగా, లోతు పెంచుకుంటూ తీయండి. దెబ్బలు పడుతుంటే అంచులు కరిగినట్టు దగ్గరికి రావాలి. ముద్ద మొత్తంగా కప్పు మీద జారి గాడి మూసుకుంటే ఆ బిందువు చెల్లదు. ఈ బాధ లేకుండా ఉండాలంటే ముద్దలోకి మొనదేలిన శంకువును వదిలే కోన్ పద్ధతి వాడండి. కోన్ 20 మి.మీ. దిగిన చోటి తేమే లిక్విడ్ లిమిట్. బాగా జిగటగా ఉండే మట్టికి నేను దాన్నే నమ్ముతాను, చెయ్యి మారినా అంకె పెద్దగా మారదు.

ప్లాస్టిక్ లిమిట్‌కు 20 గ్రాముల ముద్దను గాజు పలక మీద వేళ్లతో దొర్లించి 3 మి.మీ. తాడు చేయాలి. అది విరగకపోతే మళ్లీ ముద్ద చేసి దొర్లించాలి. సరిగ్గా 3 మి.మీ. దగ్గర పగిలిపోయేదాకా అదే పని. రైతు పిడికెడు మట్టిని నలిపి ‘పదును వచ్చింది’ అని నాగలి కట్టే తేమ దీనికి కాస్త ఇటూ అటూగా ఉంటుంది. రేగడిలో ఆ పదును రెండు మూడు రోజులకు మించి నిలవదు. ల్యాబులోనూ అంతే, తాడు మెత్తగా ఉందనిపించిన కాసేపటికే పొడిబారి విరుగుతుంది. ఫ్యాను ఆపేసి చేయండి.

మన నమూనాకు లిక్విడ్ లిమిట్ 72, ప్లాస్టిక్ లిమిట్ 30 వచ్చాయనుకుందాం. ఆ రెంటి తేడా, అంటే ప్లాస్టిసిటీ ఇండెక్స్, 42. బంకమట్టిని ఒండ్రు నుంచి వేరుచేసే గీత ఏ-లైన్. దాని లెక్క: 72లోంచి 20 తీసేసి 0.73తో గుణిస్తే 38. మనది 42 కాబట్టి బిందువు గీతకు పైన పడింది. లిక్విడ్ లిమిట్ 50 దాటింది కనుక వర్గం సీహెచ్, అంటే అధిక ప్లాస్టిసిటీ ఉన్న బంకమట్టి.

ప్లాస్టిసిటీ ఇండెక్స్‌ను బంకమట్టి శాతంతో భాగిస్తే యాక్టివిటీ వస్తుంది. బ్రిటిష్ ఇంజనీరు స్కెంప్టన్ 1953లో ఇచ్చిన కొలత ఇది. 42ను 52తో భాగిస్తే 0.81. పుస్తకం ప్రకారం 1.25 దాటితేనే చురుకైన మట్టి కాబట్టి ఇది ‘సాధారణం’. కొత్తవాళ్లు ఇక్కడే మోసపోతారు. రేగడిలోని బంకమట్టి అంతా బాగా ఉబ్బే ఖనిజమైన మాంట్‌మొరిల్లొనైట్ కాదు, మిగతా ఖనిజాలు కలిసి సగటును కిందికి లాగుతాయి. యాక్టివిటీ తక్కువగా ఉన్నా, అలాంటి బంకమట్టి సగానికి పైగా ఉంటే గోడలు పగలడానికి అది చాలు.

ష్రింకేజ్ లిమిట్

ఇంకా ఆరినా మట్టి ఇక కుంచించుకుపోని తేమే ష్రింకేజ్ లిమిట్. 45 మి.మీ. వ్యాసం, 15 మి.మీ. ఎత్తు ఉన్న చిన్న గిన్నెకు లోపల గ్రీజు రాసి, లిక్విడ్ లిమిట్ కన్నా కాస్త పలుచగా చేసిన ముద్దను మూడు విడతలుగా నింపండి. ప్రతి విడతకూ బల్ల మీద తట్టి బుడగలు పోగొట్టండి. రేగడిని నేరుగా ఓవెన్‌లో పెడితే పగిలి ముక్కలవుతుంది. రంగు ముదురు నుంచి లేతకు మారేదాకా గాలికి ఆరనిచ్చి, అప్పుడే ఓవెన్‌లోకి మార్చండి.

ఎండిన బిళ్ల ఘనపరిమాణం పాదరసాన్ని పొర్లించి కొలుస్తారు. పాదరసం ఆవిరి విషం. కింద లోతైన ట్రే, చేతికి గ్లవుజు, తెరిచిన కిటికీ లేకుండా మొదలుపెట్టకండి. అవి కుదరకపోతే బిళ్లకు మైనం పూసి నీటిలో తూచే పద్ధతి ఎంచుకోండి, తప్పేం లేదు.

మన నమూనాలో గిన్నె ఘనపరిమాణం 24.0 మి.లీ., తడి ముద్ద 37.6 గ్రాములు, ఎండాక 21.6 గ్రాములు, ఎండిన బిళ్ల 10.4 మి.లీ. తొలి తేమ 74 శాతం. తగ్గిన 13.6 మి.లీ.ని 21.6తో భాగిస్తే 63 శాతం. 74లోంచి 63 పోతే ష్రింకేజ్ లిమిట్ 11. గిన్నె నిండా పోసిన ముద్ద ఎండేసరికి సగం కూడా మిగల్లేదు. గిన్నె మధ్యలో నల్ల బొత్తాంలా కూర్చుంటుంది. నెర్రెలు ఎక్కడి నుంచి వస్తాయో ఎవరికైనా చూపాలంటే ఆ గిన్నె చాలు.

ఇదే పరీక్షలో ఒక తనిఖీ దాగి ఉంది. 10.4ను 21.6తో భాగిస్తే 0.48. అందులోంచి 0.11 తీసేసి, మిగిలిన దానితో 1ని భాగించండి. దాదాపు 2.7 రావాలి, అంటే మీ విశిష్ట గురుత్వమే. అక్కడ 2.3 లాంటిది వస్తే బిళ్లలో బుడగలు ఉన్నట్టు.

ఫ్రీ స్వెల్ ఇండెక్స్

చూడడానికి పిల్లల ప్రయోగంలా ఉంటుంది. ఉబ్బే గుణం గురించి అతి చవగ్గా సమాచారం ఇచ్చేదీ ఇదే, అతి ఎక్కువగా పాడుచేసేదీ ఇదే.

1. 425 మైక్రాన్ల జల్లెడ దాటి, ఓవెన్‌లో ఆరిన మట్టిని 10 గ్రాముల చొప్పున రెండు తూకాలు వేయండి.

2. రెండు 100 మి.లీ. కొలజాడీలు తీసుకుని ఒకదానిలో డిస్టిల్డ్ వాటర్, రెండోదానిలో కిరసనాయిలు పోసి మట్టి వేయండి.

3. గాజు కడ్డీతో మెల్లగా కలిపి గాలి బయటికి పోనివ్వండి. నీళ్ల జాడీలో అడుగున చిన్న పొడి ముద్దలు మిగిలిపోతాయి. బయట తడిసి జిగురుకట్టాక లోపలికి నీరు పోదు. కడ్డీ అడుగు దాకా దించి వాటిని విడగొట్టండి.

4. కనీసం 24 గంటలు కదపకుండా ఉంచి, మట్టి పై మట్టాలు చదవండి.

కిరసనాయిలు ఎందుకంటే, దాని అణువులకు విద్యుత్ ధ్రువాలు లేవు. డైఎలక్ట్రిక్ స్థిరాంకం నీటికి సుమారు 80, కిరసనాయిలుకు సుమారు 2. అందులో బంకమట్టి పొరలు విచ్చుకోవు. కాబట్టి ఆ జాడీ ఉబ్బని మట్టి ఎంత చోటు తీసుకుంటుందో చూపిస్తుంది. కిరసనాయిలులో 10 మి.లీ., నీళ్లలో 19 మి.లీ. వస్తే పెరిగింది 9. ఇండెక్స్ 90 శాతం.

నీళ్ల విషయంలో నేనొకసారి దెబ్బతిన్నాను. డిస్టిల్డ్ వాటర్ అయిపోయి, ‘ఒక్కరోజే కదా’ అని బోరు నీళ్లు పోశాను. వచ్చిన అంకె అంతకుముందు వారం అదే మట్టికి వచ్చినదానికన్నా బాగా తక్కువ. రెండు రోజులు మట్టి సంచులు తారుమారయ్యాయేమోనని వెతికాను. తప్పు నీళ్లది. బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఉబ్బడాన్ని అణిచేస్తాయి.

మట్టి వర్గీకరణ ప్రమాణం ఐఎస్ 1498 ప్రకారం 50 లోపు ఉంటే తక్కువ, 50–100 మధ్యస్థం, 100–200 ఎక్కువ, 200 దాటితే అతి ఎక్కువ. మన నమూనా మధ్యస్థం. అదే పట్టికలో లిక్విడ్ లిమిట్ 70 దాటినా, ప్లాస్టిసిటీ ఇండెక్స్ 32 దాటినా అతి ఎక్కువ వర్గం. అంటే ఒకే మట్టి ఒక గడిలో మధ్యస్థం, ఇంకో గడిలో ప్రమాదకరం. ఇది మీ తప్పు కాదు, పట్టికలోనే ఉన్న చిక్కు. దీన్ని సర్దడానికి పరిశోధకులు ప్రకాశ్, శ్రీధరన్ 2004లో ఫ్రీ స్వెల్ రేషియో ప్రతిపాదించారు. నీళ్లలోని మట్టాన్ని కిరసనాయిలులోని మట్టంతో భాగిస్తే చాలు. 1 లోపు ఉంటే పెద్దగా ఉబ్బని కేవొలినైట్ రకం, 1.5 దాటితే మాంట్‌మొరిల్లొనైట్ రకం. మనది 1.9. కొత్త పరీక్ష ఏమీ అక్కర్లేదు, అవే రెండు రీడింగులు. నేను రిపోర్టులో రెండూ రాస్తాను.

స్వెల్లింగ్ ప్రెజర్

ఇప్పటిదాకా చూసినవన్నీ పొడిచేసిన మట్టి స్వభావం చెప్పేవి. పునాది వేసే ఇంజనీరుకు కావలసింది నేలలో ఉన్న మట్టి తడిస్తే ఎంత బలంగా పైకి నెడుతుందన్నది. ఐఎస్ 2720 నలభై ఒకటో భాగంలో దీనికి రెండు పద్ధతులు ఉన్నాయి.

మొదటిది కన్సాలిడోమీటర్‌తో. అది రింగులోని మట్టిని బరువుతో నొక్కి ఎత్తు మార్పు కొలిచే పరికరం. 60 మి.మీ. వ్యాసం, 20 మి.మీ. ఎత్తు ఉన్న రింగులో నమూనా ఇమిడ్చి, పైనా కిందా తడిపిన పోరస్ రాళ్లు పెట్టి, 5 కిలోపాస్కల్ చిన్న బరువు కింద నీళ్లు పోయండి. డయల్ గేజి కదలడం ఆగేదాకా, అంటే సుమారు 5–7 రోజులు, ఉబ్బనివ్వండి. తర్వాత అంచెలంచెలుగా బరువు పెంచుతూ తొలి ఎత్తుకు తెచ్చేయండి. అక్కడి పీడనమే జవాబు. రెండో పద్ధతిలో నమూనాను ఉబ్బనివ్వరు. కాస్త కదిలినా వెంటనే వెనక్కి నొక్కుతూ ప్రూవింగ్ రింగు మీద బలం చదువుతారు. మొదటి పద్ధతి అంకె సాధారణంగా పెద్దది. ఒకసారి విచ్చుకున్న మట్టిని మళ్లీ అణచడానికి అదనపు బలం కావాలి కదా. పద్ధతి పేరు రాయకుండా ‘120 కిలోపాస్కల్’ అని మాత్రం రాస్తే ఆ అంకెకు అర్థం లేదు.

అంతకన్నా పెద్ద విషయం తొలి తేమ. ఒకే మట్టిని ఒకే సాంద్రతకు దట్టించి, ఒకటి 15 శాతం తేమతో, ఇంకోటి 28 శాతంతో పరీక్షిస్తే మొదటిది చాలా ఎక్కువ పీడనం చూపిస్తుంది. తడిసిన మట్టి ఉబ్బాల్సింది అప్పటికే చాలావరకు ఉబ్బి ఉంటుంది. ఆగస్టులో తీసిన చెదరని నమూనా మంచివాడిలా కనిపించేది అందుకే. దాన్ని చూసి పునాది గీస్తే, రెండేళ్ల తర్వాత ఎండాకాలం ముగిశాక పడే తొలి వానకు గోడలు జవాబిస్తాయి. వర్షాకాలపు నమూనా తప్ప వేరే దిక్కు లేకపోతే, ఒక ముక్కను నీడలో ష్రింకేజ్ లిమిట్ దగ్గరి దాకా ఆరబెట్టి దానితో కూడా పరీక్ష చేయించండి.

చిన్నవే అయినా ఫలితాన్ని మార్చేవి రెండు. రింగు లోపల పలుచగా సిలికాన్ గ్రీజు రాయకపోతే రాపిడి కొంత పీడనాన్ని మింగేస్తుంది. ఫిల్టర్ పేపర్ నొక్కుకుపోయే మందాన్ని విడిగా కొలిచి తీసేయకపోతే కొలత అంతమేర తప్పుతుంది.

కాంపాక్షన్, సీబీఆర్

లైట్ కాంపాక్షన్‌కు (మట్టిని దట్టించే పరీక్ష) 2.6 కిలోల సుత్తి, 310 మి.మీ. ఎత్తు, మూడు పొరలు, పొరకు 25 దెబ్బలు. రేగడికి గరిష్ఠ పొడి సాంద్రత చాలావరకు 1.4–1.6 గ్రా./ఘ.సెం.మీ., దానికి తగిన తేమ 20–30 శాతం మధ్య వస్తాయి. ప్రతి తేమకూ కొత్త మట్టి వాడండి. ఒకసారి దంచిన మట్టిని చిదిమి మళ్లీ వాడితే బెడ్డలు పూర్తిగా విడిపోవు. నీళ్లు కలిపాక సంచిలో మూటకట్టి రాత్రంతా ఉంచాలి. లేకపోతే బెడ్డ లోపల పొడి, బయట బురద.

సీబీఆర్‌ను (రోడ్డు కింది మట్టి బలం కొలిచే పరీక్ష) నాలుగు రోజులు నానబెట్టే చేయాలి. నానబెట్టనిది రేగడిలో ఎవరినైనా మభ్యపెట్టగలదు. నానాక 1–3 శాతం రావడం మామూలే. నానుతున్నప్పుడు ట్రైపాడ్ మీది డయల్ గేజిని రోజూ చదివి ఉబ్బిన శాతం రాయండి. పరీక్ష ముగిశాక అచ్చులోని పై 30 మి.మీ. మట్టి తేమ విడిగా తీయండి. కింది మట్టికన్నా అది బాగా ఎక్కువ ఉంటుంది. సీబీఆర్ ఎందుకు పడిపోయిందో అక్కడే తెలుస్తుంది. రోడ్డు కట్ట పని అయితే కేంద్ర రహదారుల శాఖ స్పెసిఫికేషన్ కూడా చూడాలి. ఫ్రీ స్వెల్ ఇండెక్స్ 50 దాటిన మట్టిని కట్టలో వేయనివ్వరు. మన నమూనా 90తో అక్కడే ఆగిపోతుంది.

ఖనిజాన్ని చూడాలంటే

ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌కు (ఖనిజ పొరల మధ్య దూరం చూపే పరీక్ష) పంపేటప్పుడు ఒకే మట్టికి మూడు రకాల స్లైడులు అడగండి: గాలికి ఆరినది, ఇథిలీన్ గ్లైకాల్ పట్టించినది, 550 డిగ్రీలకు వేడిచేసినది. కాల్షియం రకం స్మెక్టైట్ (మాంట్‌మొరిల్లొనైట్ చేరే ఖనిజ కుటుంబం) అయితే శిఖరం మొదటిదానిలో సుమారు 14–15 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర, రెండోదానిలో 17 దగ్గర, మూడోదానిలో 10 దగ్గర ఉంటుంది. 7 దగ్గర ఉండి, వేడికి మాయమైతే కేవొలినైట్. ఒక్క స్లైడుతో వచ్చిన గ్రాఫు మీద ‘మాంట్‌మొరిల్లొనైట్ ఉంది’ అని రాస్తే నేను నమ్మను.

అంత ఖర్చు పెట్టలేకపోతే మిథిలీన్ బ్లూ పరీక్ష ఉంది. మట్టి నీళ్లలో కొద్దికొద్దిగా రంగు కలుపుతూ, ప్రతిసారీ ఒక చుక్క ఫిల్టర్ పేపర్ మీద వేయండి. ముదురు మచ్చ చుట్టూ లేత నీలం వలయం వచ్చి, కలుపుతూ ఐదు నిమిషాలు ఆగినా నిలిస్తే మట్టి తాగగలిగినంత రంగు తాగేసినట్టు. దాన్నుంచి కేటయాన్ మార్పిడి సామర్థ్యం (మట్టి పట్టుకుని మార్చుకోగల ధన అయాన్ల పరిమాణం) లెక్కించవచ్చు. శుద్ధ మాంట్‌మొరిల్లొనైట్‌కు 100 గ్రాములకు 80–120 మిల్లీ ఈక్వివలెంట్లు, కేవొలినైట్‌కు 3–15. రేగడి వీటి మధ్య ఎక్కడ పడుతుందో చూస్తే అందులో స్మెక్టైట్ పాలు తెలిసిపోతుంది.

సున్నంతో స్థిరపరచే ఆలోచన ఉంటే సల్ఫేటు కూడా చూపించండి. తేమ దగ్గర జిప్సం సూదుల సంగతి చెప్పింది దీనికి కూడా. సున్నం, సల్ఫేటు, బంకమట్టిలోని అల్యూమినా కలిస్తే ఎట్రింజైట్ అనే ఖనిజం పుట్టి, అది కూడా ఉబ్బుతుంది. ఉబ్బును ఆపడానికి వేసిన సున్నమే ఉబ్బిస్తుంది. సల్ఫేటు లేదని తేలాక, ఎంత సున్నం సరిపోతుందో పీహెచ్‌తో తేల్చవచ్చు. 25 గ్రాముల మట్టికి వేర్వేరు శాతాల సున్నం, 100 మి.లీ. డిస్టిల్డ్ వాటర్ కలిపి, గంట తర్వాత పీహెచ్ చూడాలి. 12.4 తాకిన అతి తక్కువ శాతంతో బలం పరీక్షలు మొదలుపెట్టండి.

సంతకం పెట్టేముందు

అంకెలన్నీ ఒకే కాగితం మీద పక్కపక్కన రాసి చూడండి. బంకమట్టి 25 శాతమని, లిక్విడ్ లిమిట్ 80 అని వస్తే హైడ్రోమీటర్‌లో రేణువులు విడిపోలేదు. లిక్విడ్ లిమిట్ 75 ఉండి ఫ్రీ స్వెల్ 20 వస్తే నీళ్లనో, అడుగున మిగిలిన పొడి ముద్దలనో అనుమానించండి. ష్రింకేజ్ లిమిట్ ప్లాస్టిక్ లిమిట్‌ను దాటితే గిన్నెలో గాలి ఉంది. స్వెల్లింగ్ ప్రెజర్ మిగతావాటితో పొసగకుండా తక్కువ వస్తే తొలి తేమ చూడండి, పరీక్షలో తప్పు లేకపోవచ్చు, ఆ నమూనా తడి కాలంలో వచ్చి ఉంటుంది.

ప్రతి ఫలితం పక్కనా మూడు మాటలు రాయండి: ఎలా ఆరబెట్టారు, ఎంతసేపు నానబెట్టారు, పరీక్ష మొదలైనప్పుడు తేమ ఎంత. మిగిలిన మట్టిని కనీసం ఆరు నెలలు పారేయకండి. గాలికి ఆరిన రెండు కిలోలు మూతి కట్టిన సంచిలో, లోపల ఒక లేబుల్, బయట ఒక లేబుల్‌తో ఉంచండి. బయటి లేబుల్‌ను ఎలుకలు కొరికేస్తాయి.